నలభై మూడో గింజ

సూది మొన గింజకు తగలకుండా, పక్కనే గాలిలో ఆగుతూ, ఒక్కొక్క గింజనూ దాటుతోంది. కుడిచేతిలో సూది, ఎడమచేతి వేళ్ళ కింద మైక్రోస్కోపు మర. సూదమ్మ లోలోపలే లెక్కపెడుతోంది. నలభై ఒకటి, నలభై రెండు, నలభై మూడు.

మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. నలభై మూడే.

నిన్న సాయంత్రం గాజుపలక మీది జిగురు టేపుపై ఏడు వరసలు, వరసకు ఆరు చొప్పున జిర్కాన్ అనే ఖనిజపు గింజలు పేర్చి, నలభై రెండు అని కాగితం మీద రాసి, మూత పెట్టి వెళ్ళింది. ఇప్పుడు చివరి వరసలో ఏడున్నాయి. ఒకటి తగ్గితే చెయ్యి జారిందనుకోవచ్చు. పెరిగితే ఏమనుకోవాలి?

ఇరవై ఒక్క ఏళ్ళ కిందట సీసాలు కడగడానికి ఈ ల్యాబుకు వచ్చిందామె. కడుగుతూనే పక్కవాళ్ళ చేతులు చూసి పని పట్టేసింది. రాయిని పొడి చేయడం, జల్లించడం, నీళ్ళలో కడిగి బరువైన గింజలను అడుగున పట్టడం, చివరికి వెంట్రుక మందమున్న జిర్కాన్లను సూదితో ఏరడం. ఆ ఏరడంలో ఆమెను మించినవాళ్ళు లేకపోవడంతో అసలు పేరు పోయి సూదమ్మ అయింది.

జిర్కాన్ ఎందుకో కూడా వింటూనే నేర్చుకుంది. అది పుట్టేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసం లోహాన్ని మాత్రం గడప తొక్కనివ్వదు. లోపలున్న యురేనియం తన లెక్క ప్రకారం కొంచెం కొంచెంగా సీసంగా మారుతూ పోతుంది. సగం మారడానికి దాదాపు నాలుగు వందల నలభై ఏడు కోట్ల ఏళ్ళు. ఎండైనా మంచైనా ఆ నడక మారదు. ఎంత యురేనియం మిగిలింది, ఎంత సీసం పుట్టింది అని యంత్రం తేలిస్తే రాయి వయసు బయటపడుతుంది. అందుకే ఒక రాతి గింజల్లో ఇంకో రాతి గింజ కలవకూడదు.

కలిపింది తనేనని ఆమెకు తెలుసు.

పొడి సూదికి గింజ అంటదు. సూదిమొనను ముక్కు పక్కన ఒకసారి రాస్తే చర్మం జిడ్డుకు గింజ పట్టుకుంటుంది. పాతకాలం ఏరేవాళ్ళందరి అలవాటది. ల్యాబు నడిపే సారు వద్దన్నాక మానేసింది. కానీ ఎనిమిది నెలలుగా గింజలు మసకగా కనిపిస్తున్నాయి, జిడ్డు లేకపోతే దొరకడం లేదు. మళ్ళీ మొదలుపెట్టింది. నిన్న పొద్దున నది ఇసుక ఏరింది, మధ్యాహ్నం ఈ అగ్నిపర్వతపు బూడిద. ఇసుక గింజ ఒకటి ముక్కుకంటుకుని ఉండి, సూదికెక్కి, ఇంకో గింజతో పాటు దిగిపోయి ఉంటుంది.

బూడిద ఇంకా ఉంటే మళ్ళీ చేసేది. లేదు. లోతైన బోరులోంచి తీసిన, బూడిద గట్టిపడిన గుప్పెడు రాయి అది. ఆ బోరు మూసేశారు.

"ఏంటి వదినా, దయ్యాన్ని చూసినట్టున్నావ్?" అంటూ జిగురులో పొదిగిన గింజల బిళ్ళలు అరగదీసే ఆవిడ లోపలికొచ్చింది.

"ఇలా రా. చివరి వరస చూసి చెప్పు."

"నేను అరగదీసేదాన్నమ్మా, నువ్వు పండితురాలివి. నా చేత చూపించుకోవడమేంటి?" వంగి చూసింది. "చివర్నుంచి రెండోది తేడాగా ఉంది. మిగతావి చెక్కిన పెన్సిళ్ళలా ఉంటే ఇది గులకరాయిలా నున్నగా ఉంది." తలెత్తి గొంతు తగ్గించింది. "ఇది నీకు కనపడలేదా?"

సూదమ్మ కళ్ళు నులుముకుంది.

"డాక్టరు శుక్లం అన్నాడు కదూ? అక్కడా ఇక్కడా చెప్పకు, కుర్చీ పోతుంది. ఆ గింజ తీసి పారెయ్. మూడో కంటికి తెలీదు."

"తీసేస్తే? బూడిదే పైకొస్తూ దారిలో పాత రాయి గింజను మోసుకొచ్చిందేమో. అలా కూడా ఉంటాయని సారే చెప్పారు. నేను పారేస్తే అబద్ధం, ఉంచేస్తే ఇంకో అబద్ధం."

"మరైతే చావు."

పన్నెండింటిలోపు గింజల మీద జిగురు పోయాలి. పోశాక బిళ్ళగా గట్టిపడుతుంది, ఇక మార్చలేరు. సారు గది తలుపు దాకా నాలుగడుగులే. సూదమ్మ వెళ్ళి తలుపు తట్టింది.

అంతా చెప్పింది. ముక్కు సంగతి, కళ్ళ సంగతి. సారు కేకలేస్తారనుకుంది. ఆయన ముఖం పాలిపోయింది.

"కళ్ళు ఎన్నాళ్ళనుంచమ్మా?"

"ఎనిమిది నెలలు సార్."

"ఈ ఎనిమిది నెలల్లో ఎన్ని రాళ్ళు ఏరావు?"

ఆ ప్రశ్న ఆమె తనకు తాను ఒక్కసారైనా వేసుకోలేదు. వేళ్ళ మీద లెక్కపెట్టింది. "నిన్నటివి కాక పదకొండు."

"పదకొండు రాళ్ళ వయసులు లోకానికి చెప్పేశాం." ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అన్ని బిళ్ళలూ బయటికి తీయండి. ఒక్కో గింజా మళ్ళీ చూడాలి, అరగదీసే ఆవిడ కళ్ళతో, నీ తెలివితో. కంటికి ఆపరేషన్ అయ్యేదాకా నువ్వు సూది ముట్టుకోకు."

"తర్వాత సార్?"

"తర్వాత సంగతి ఇప్పుడు చెప్పలేను."

"ఈ ఒక్కదానికీ సూది పట్టనివ్వండి."

ఆయన వెనకే నిలబడి చూశారు. సూదమ్మ సూదిని ఆల్కహాలుతో తుడిచి, అరగదీసే ఆవిడ "ఇంకొంచెం ఎడమకి, ఆ, అదే" అంటుంటే, ఆ నున్నటి గింజను తడి మొనతో పైకెత్తి, వరసలకు దూరంగా, మూలన ఒంటరిగా పెట్టింది. కాగితం మీద నలభై రెండు అని ఉంచి, కింద రాసింది: మూలన ఒకటి, ఎక్కడిదో తెలియదు, బయటిది కావచ్చు, ఏరిన మనిషి తప్పు. సంతకం చేసింది.

జిగురు కలిపి, బుడగ రాకుండా అంచునుంచి పోసింది. అది రాత్రంతా గట్టిపడింది. మర్నాడు అరగదీసే ఆవిడ ఆ బిళ్ళను గింజలు సగానికి తెగి లోపలి భాగం బయటపడేదాకా నూరి ఇచ్చింది. సూదమ్మ దాన్ని కడిగి, ఆరబెట్టి, కాగితంతో పాటు యంత్రం గదికి పట్టుకెళ్ళింది.

యంత్రం నడిపే మనిషి కాగితం రెండుసార్లు చదివాడు. "మూలది కూడా లేజరుతో కాల్చి వయసు తీయమంటావా అక్కా?"

"కాల్చు. దాని వయసు వేరేగా రాయి."

అతను బిళ్ళ అందుకుని తలుపేసుకున్నాడు.