ఒక్క ముక్కలో చెప్పలేని సంగతి

మా సైన్సు సార్ పోయారు. పోయిన ఆదివారం పొద్దున కోరుట్లలో, తమ ఇంట్లోనే, చాయ్ తాగి పేపరు చేతిలోకి తీసుకుని కుర్చీలో అలాగే ఒరిగిపోయారట. జగిత్యాలలో నేను బట్టలు ఆరేస్తుంటే సార్ బిడ్డ ఫోన్ చేసింది. "అక్కా, బాపు పోయిండు" అంది. ఇంకేమైనా చెబుతుందేమోనని ఆగాను. ఫోన్ పెట్టేసింది. ఆ ఇంట్లో అందరికీ సంగతి ఒక్క ముక్కలో చెప్పడమే అలవాటు.

ఆ అలవాటు సార్‌దే. క్లాసులో పేజీడు జవాబు రాసి మురిసిపోతూ చూపిస్తే కాపీ తిరిగి నా చేతిలోనే పెట్టేవారు. "గిన్ని మాటలెందుకు బిడ్డా? తెలిసినోడు తక్కువ చెప్తడు, తెల్వనోడు తిప్పి తిప్పి చెప్తడు" అనేవారు. వాడలో ఎవరింట్లో నీళ్ల మోటరు ఆగినా ఆయనకే కబురు. వచ్చినాయన పానా ముట్టేవారు కాదు. "ముందు ప్లగ్గు సూడు, తర్వాత మోటర్ ఇప్పు" అనేవారు. చాలాసార్లు ప్లగ్గే వదులై ఉండేది. ఆ ఇంటివాళ్లు సిగ్గుపడి నవ్వితే సార్ కూడా నవ్వి, చాయ్ తాగి వెళ్లేవారు.

ఒక్క కారణం సరిపోయిన చోట రెండోది తేవద్దన్నది ఆయన పట్టు. నేను ఈ రోజు పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నానంటే ఆ మాట మీద పుట్టిన ఇష్టమే కారణం. ప్రపంచం ఎంత గజిబిజిగా కనిపించినా అడుగున ఏదో ఒక తిన్నని గీత ఉంటుందని ఆయన నమ్మారు, మమ్మల్నీ నమ్మించారు.

ఆ నమ్మకమే ఒక ఎండాకాలంలో ఒక మనిషి పొట్ట కొట్టింది. పోయినవాళ్ల గురించి మంచి చెప్పుకోవాల్సిన వేళ ఇదేం మాటని కొందరు అనుకుంటారు, అనుకోనివ్వండి. సార్ గొప్పతనం నాకు తెలిసింది అప్పుడే.

సిరిసిల్లలో మా అక్కవాళ్లకు చిన్న కార్ఖానా ఉంది. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు, వాటిని పెట్టి నడిపించే మా బావ లాంటివాళ్లను ఆసాములంటారు. బావ దగ్గర లంగాలకు వాడే నూలు బట్ట నేస్తారు. ఆ నెల పగలంతా రాజేశం, రాత్రంతా అన్వర్ నడిపేవారు. ఆ ఎండల్లో ఉన్నట్టుండి పగటిపూట పోగులు టపటపా తెగడం మొదలైంది. పోగు తెగినప్పుడల్లా సాంచా ఆపి ముడివేయాలి. నేత సాగదు, సాగినంత మేరా బట్ట మీద ముడుల మచ్చలే. సరుకు తీసుకునే సేటు రెండోసారి వాపసు పంపేసరికి బావకు పిచ్చెక్కింది. రాజేశం ఎవరో పోటీ ఆసామి మాట విని కావాలనే తెంపుతున్నాడని ఆయన అనుమానం. ఊరికే అనుమానిస్తే ఎలా, తేల్చుకోండి అని సార్‌ని నేనే తీసుకెళ్లాను.

పక్క కార్ఖానాల ఆసాములు కూడా చేరారు. సార్ సాంచాల మధ్య తిరిగి, బావ ముందు నిలబడ్డారు.

"ఈ నడుమ నూలు మార్చినవా?"

"మార్చిన సార్. గని గదే నూలు రాత్రి అన్వర్ నడిపితే తెగుతలేదు."

"అయితే నూలు కాదు. సాంచాలు?"

"రాత్రి గూడ గవే నడుస్తున్నయ్ గద."

"మరి ఎండ?"

"పాత నూలు నడిపినప్పుడు గింతకన్న ఎక్కువ ఎండ కొట్టింది. ఏం గాలే."

సార్ వేళ్లు ముడుస్తూ వచ్చారు. "నూలు కాదు, సాంచా కాదు, ఎండ కాదు. పగటికి రాత్రికి నడుమ ఇంక మారేది మనిషొక్కడే" అన్నారు. లెక్క తేలిన తృప్తి ఆ ముఖంలో నాకు కనిపించింది. తలమీద దూది నూగుతో రాజేశం మూలన నిలబడి ఉన్నాడు. "నేనేం జెయ్యలే సార్" అన్నాడు. సాంచాల చప్పుడులో అది ఎందరికి వినిపించిందో తెలియదు.

బావ అతణ్ని అప్పుడే పంపేశాడు. ఇంకో ఆసామి దగ్గరికి పోతే, అప్పటికే మాట అక్కడికి చేరింది. సార్ ఒకాయన సైన్సుతోని తేల్చిండట, ఇంకేముంది అన్నారు. ఏ కార్ఖానాలోనూ రాజేశానికి పని దొరకలేదు.

కొన్నాళ్లకు నేను కోరుట్లలో సార్ ఇంట్లో ఉండగా బావ ఫోన్ చేశాడు. "మరదలా, కొత్తోన్ని పెట్టినా పగటీలి గట్లనే తెగుతున్నయ్." విన్నది విన్నట్టే సార్‌కి చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టారు.

"అయితే మనిషి గూడ కాదు. మరి ఏం మిగిలింది?" వేళ్లు మళ్లీ ముడుచుకుంటూ వచ్చి ఆగారు. "ఏం మిగలలేదంటే నా లెక్కనే తప్పు. బిడ్డా, పసుపుల ఎరుపున్నదా? లేదు. సున్నంల ఉన్నదా? లేదు. రెండు కలిపితే ఎర్రగ ఎందుకైతది? నూలును విడిగ అడిగిన, ఎండను విడిగ అడిగిన. రెంటిని కలిపి అడగలే. రాజేశం ఏడున్నడో అడుగు."

అడిగితే బావ జవాబు చెప్పడానికి తడబడ్డాడు. పొద్దున రాజేశం ఇంట్లో చెప్పకుండా వెళ్లిపోయాడట. ఫోను ఇంట్లోనే ఉందట. భార్య ఏడుస్తూ కార్ఖానాకు వచ్చిందట. పని పోయిన మనిషి ఫోను వదిలి బయటికి పోయాడంటే సిరిసిల్లలో ఎవరూ రెండో మాట అడగరు. పని లేక ప్రాణాలు తీసుకున్న నేతగాళ్లను చూసిన ఊరది, అందరి మనసూ అటే పోతుంది.

వెంటనే బస్సెక్కాము. రుద్రంగి దాటాక అక్క ఫోన్ చేసింది, రాజేశం చెల్లెలు చందుర్తిలో ఉంటుంది, అక్కడికీ రాలేదని. సార్‌కి చెప్పక తప్పలేదు. ఆయన ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నారు. చందుర్తిలో బస్సు ఆగి, ఎవరిదో వడ్ల బస్తా దింపేసరికి ఆయన లేచి నిలబడి, "జర తొందరగ పోనియ్యుండ్రి నాయనా" అని కండక్టరును బతిమాలారు. నాకు భయం వేసింది. ఆయన ఎవరినీ బతిమాలగా నేను చూడలేదు. "దొరుకుతడు సార్" అన్నాను. "దొరకకపోతే?" అన్నారు.

దొరికాడు. సిరిసిల్ల బస్టాండులో, మరమగ్గాల పనికి మావాళ్లు వలసపోయే భివండీ బస్సు దగ్గర. అన్వర్ అతని సంచీ లాక్కుని గుండెకు అదుముకుని నిలబడ్డాడు. నన్ను చూడగానే అన్వర్ ఉపవాసంతో ఎండిన నోటితో గబగబా చెప్పాడు. "మేడం, నాకు రోజాలు. ఎండల పగలు నడపలేనని నేనే అడిగిన. నెలంత పగలు నేనే చేస్త తీయ్ అన్నడు. లేకుంటే వారం వారం మారెటోళ్లం. మారితే నా చేతిల గూడ తెగేటియి గద!"

సార్ రెండు చేతులూ జోడించారు. "రాజేశం, తప్పు నాది. నిన్ను దొంగను జేసిన."

రాజేశం ఆయన వైపు చూడలేదు. "నాకు చెప్తే ఏమొస్తది సార్? నాకు ఎరుకే. గప్పుడు ఎవలెవల ముందట చెప్పిండ్రో గాళ్ల ముందట చెప్పుండ్రి. అయినంక ఇంటికాడ సంచి ఇప్పుత" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం, ఎండ నెత్తిమీదికి వచ్చాక, ఆ ఆసాములందరినీ సార్ మళ్లీ పిలిపించారు. కిటికీలకు తడి గోనెసంచులు కట్టి, నేలమీద నీళ్లు చల్లించారు. అదే నూలు, అవే సాంచాలు, రాజేశం. మొదలుపెట్టిన కాసేపటికే ఒక పోగు తెగింది. "గదిగో!" అన్నాడు వెనక నుంచి ఒక పెద్ద ఆసామి. రాజేశం వెనక్కి చూడకుండా ముడివేశాడు. సార్‌కి చెమటతో చొక్కా వీపుకు అంటుకుంది. "ఆగుండ్రి. ఒక పోగు తెగుడు ఎప్పటికి ఉన్నదే. జర సూద్దాం" అన్నారు. తరువాత నేత సాగింది. చాలాసేపు సాగింది. అప్పుడు సార్ గోనెసంచులు తీయించారు. గాలి పొడిబారే కొద్దీ ఒకటి, ఇంకొకటి, తర్వాత వరసగా తెగాయి. మళ్లీ కట్టి, తడిపి, చల్లబడేదాకా ఆగితే సర్దుకుంది.

"ఈ నూలుకు గంజి సరిగ పట్టలే. తేమ ఉంటే ఎట్లనో నడుస్తది, గాలి ఎండితే తెగుతది. పాత నూలుకు గంజి మంచిగుండె, ఎండకు ఆగింది. రెండు కలిసినంకనే మొదలైంది" అన్నారు సార్.

పెద్ద ఆసామి తల గోక్కున్నాడు. "గదంత సరే సార్. మరి తప్పు ఎవలిదన్నట్టు?"

"తొందరపడ్డ నాది."

ఆ పెద్దాయన ముఖం చూస్తే ఈ జవాబు ఆయనకు సరిపోలేదని తెలిసిపోయింది. మనిషి పేరు చెబితే పట్టుకుపోవడానికి తేలిక. నూలు, గంజి, గాలి అంటే ఎవరు మోస్తారు? సార్‌కీ ఆ సంగతి అర్థమైంది. రాజేశం బావ దగ్గర మళ్లీ పనిలో చేరాక కూడా, ఆయన వీలైనప్పుడల్లా సిరిసిల్ల బస్సెక్కి, ఆసాములు కూర్చునే హోటళ్లలో కూర్చుని ఆ కథ మొదటి నుంచి చెప్పేవారు. ఎందుకు సార్ ఇంత తిరుగుడని అడిగితే, "అబద్ధం ఒక్క ముక్కల పోయింది బిడ్డా. నిజానికి చాయ్ తాగెటంత సేపన్న పడతది" అన్నారు. వాడలో మోటరు చూడ్డానికి పోయినా మాట కొంచెం మారింది. "ప్లగ్గే సూడు ముందు. గని ప్లగ్గు కాడనే ఆగిపోకు."

ఆయన్ని సాగనంపిన రోజు సిరిసిల్ల నుంచి బావతో పాటు రాజేశం, అన్వర్, ఆ పెద్ద ఆసామి వచ్చారు. మా వైపు దగ్గరివాళ్లు పోయినవారి మీద కొత్తబట్ట కప్పుతారు. రాజేశం తను నేసిన తెల్లబట్ట తెచ్చాడు. "ఏం వరుసయితవు అయ్యా?" అని అడిగింది సార్ వాళ్ల వదినె. "వరుసేం లేదమ్మా" అని వంగాడు.

పెద్ద ఆసామి నా పక్కన కూర్చుని నిట్టూర్చాడు. "మంచి మనిషి. గని బిడ్డా, ఎవలేమన్నా గప్పుడు గా పోగులు రాజేశమే తెంపిండని నాకిప్పటికి మనసుల ఉన్నది."

ఆయన గొంతు పెద్దది. బట్ట పరుస్తున్న రాజేశం చేతులు ఒక్క క్షణం ఆగాయి. ఏడుపుకు బదులు నాకు ఒళ్లు మండింది. లేవబోతున్న ఆయన చేయి పట్టుకున్నాను.

"కూసోండ్రి పెదబాపు. ముందుగాల నూలు సంగతి చెప్త."

రాజేశం తల తిప్పలేదు. సార్ పాదాల దగ్గర ముడతపడిన అంచును అరచేత్తో చదును చేస్తూ, చదును చేస్తూ అక్కడే కూర్చున్నాడు.