కాక అడిగి తెచ్చిన పురుగులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే శుభ్రమైన మనిషి మా కాక. అందరికంటే పనికిమాలిన మనిషీ ఆయనే. కాక అంటే మా నాన్న తమ్ముడు. అప్పట్లో మాది మైసూరు రాష్ట్రం. హుమ్నాబాద్ దగ్గర దుబల్గుండిలో మా సేద్యం. ఇంటిల్లిపాదీ మోకాళ్ల దాకా నల్లరేగడి బురదలో దిగబడి పనిచేస్తుంటే, ఆయన తలకు నూనె రాసుకుని, మడత నలగని చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చునేవాడు. పేడ వాసన వస్తే జేబులోంచి రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకునేవాడు. ఆ పేడతో పండిన జొన్నల రొట్టె తినేటప్పుడు మాత్రం ఆ రుమాలు ఎక్కడికి పోయేదో!

ఇలాంటివాడికి పిల్లనెవరిస్తారు? ఎట్టకేలకు ఖటక్ చించోళి నుంచి ఒక పిల్ల తండ్రి ఇల్లు చూడడానికి వస్తానని కబురు పంపాడు. ఇది తప్పితే ఇంకో సంబంధం రాదని ఇంట్లో అందరికీ తెలుసు, కాకకు కూడా తెలుసు. గోడలకు సున్నం వేయించాడు, అరుగు అలికించాడు. ఆ తర్వాత ఆయన కన్ను దొడ్లో ఉన్న పెంటకుప్ప మీద పడింది. ఏడాది పొడుగునా పశువుల పేడ, కసవు, పొయ్యి బూడిద అన్నీ అందులోనే పోసేవాళ్లం. లావుపాటి తెల్ల పురుగులు, నల్లటి పేడపురుగులు, చెదలు అందులో ఎప్పుడూ కదులుతుండేవి. కాబోయే మామ వాటిని చూస్తే ఈ దొరగారి పరువేం కావాలి! హుమ్నాబాద్ పోయి పురుగుల మందు పొడి తెచ్చాడు. మా నానమ్మ చేనుకు పోయిన పూట చూసుకుని, కుప్పను అక్కడక్కడా తవ్వి మరీ చల్లాడు. నాకు తెలిసి ఆయన చెమటోడ్చి చేసిన మొదటి పని అదే.

మా వైపు పిల్లనిచ్చేవాళ్లు ఇంటికంటే ముందు పెంటకుప్పను చూస్తారు. కుప్ప పెద్దదైతే గొడ్లున్నట్టు, కుప్ప బతికి ఉంటే సేద్యం సాగుతున్నట్టు. ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి అది. ఏనాడూ ఒక గంప పేడ మోయని మా కాకకే తెలియదు.

చెప్పినట్టే ఆ పిల్ల తండ్రి, పెద్దాయన, వచ్చాడు. సున్నం గోడల వైపు చూడనైనా చూడలేదు. తిన్నగా దొడ్లోకి నడిచి, చేతికర్రతో కుప్పను పెళ్లగించాడు. పొడి ఘాటు గుప్పుమంది. పురుగులన్నీ వెల్లకిలా పడి చచ్చి ఉన్నాయి. ఆయన కర్రను గడ్డికి తుడుచుకున్నాడు.

"పురుగే బతకని ఇంట్ల నా బిడ్డ ఏం బతుకుతది?" అన్నాడు. మా అమ్మ తెచ్చిన చాయ్ ముట్టకుండానే వెళ్లిపోయాడు.

కాక మొహం చూడాలి అప్పుడు. "పెంటను జూసి పిల్లనిస్తరా ఎవలన్నా?" అని రంకెలేశాడు.

"మరి నీ మొకం జూసి ఇస్తరారా?" అంది నానమ్మ.

అంతకుమించి తిట్టలేదామె. పొడి పడిన పైపొరనంతా కాక చేతనే పారతో గీకించి, దూరంగా రాళ్లదిబ్బలో గొయ్యి తీయించి పూడ్పించింది. తర్వాత ఆయన చేతికి గంప ఇచ్చి, వెనకింటి మామ దగ్గర పురుగులు అడిగి తెమ్మంది. తోడుకు పెరుగు అడిగి తెమ్మన్నట్టే, అంత మామూలుగా చెప్పింది. ఆ మామ దొడ్డిని చూసి రోజూ ఉమ్మేసేవాడు మా కాక. ఇప్పుడు ఆ దొడ్డి ముందే గంప పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. చూడడానికి నేనూ వెంటపడి వెళ్లాను.

"ఏం గావాలె అల్లుడా? ఇనొస్తలేదు, జర గట్టిగ జెప్పు" అన్నాడు మామ, అంతా వినపడుతున్నా.

"పురుగులు గావాలె మామా!" అని కాక అరిస్తే వీధి వీధంతా నవ్వింది. మామ మాత్రం మాగిన ఎరువుతో, పురుగులతో గంప నిండా పోసి పంపాడు.

ఆ గంపను కుప్పలో గుమ్మరించే ముందు నానమ్మ ఒక తెల్ల పురుగును తీసి నా అరచేతిలో పెట్టింది. నేను ఛీ అని చెయ్యి వెనక్కి లాక్కోబోతే మణికట్టు పట్టుకుంది. "పైరుకు నమలనీకి నోట్ల పండ్లుండవు బిడ్డా. గడ్డిని, పెండను గీ పురుగు నమిలి పెడ్తెనే అది తింటది. అది తింటెనే మనం తింటం" అంది. చేతిలో పురుగు చల్లగా, మెత్తగా కదిలింది. భయం పోయింది. కాక మీద చిన్నచూపు మాత్రం ఇంకాస్త పెరిగింది.

ఎండాకాలమంతా కాక ఆ కుప్పను తిరగేస్తూ, నీళ్లు చల్లుతూ గడిపాడు. తొలివానల ముందు నానమ్మ ఆ పెద్దాయనను మళ్లీ పిలిపించింది. కుప్ప సగానికి పైగా నల్లగా, పొడిపొడిగా మాగి ఉంది. ఆయన ఈసారి కర్ర పక్కన పెట్టి చెయ్యే పెట్టాడు. గుప్పిట్లో ఒక పురుగు మెలికలు తిరిగింది. దాన్ని జాగ్రత్తగా మళ్లీ ఎరువులోనే వదిలి, అరుగు మీద కూర్చుని చాయ్ అడిగి తాగాడు. ఆ సంబంధం తనను చూసి కుదిరిందని మా కాక చచ్చేదాకా చెప్పుకున్నాడు. పురుగును చూసి కుదిరిందని ఆయన్ను చేసుకున్న మా చిన్నమ్మకు తెలుసు.

నేనిప్పుడు బీదర్‌లో కొడుకు దగ్గరుంటున్నాను. ఇక్కడ ఒక చీమ కనబడితే చాలు, మందు డబ్బాలు పట్టుకుని పరుగెత్తుకొస్తారు. అదేదో పెద్ద నాగరికత అనుకుంటారు, పాపం! వీళ్లకు చెప్పి నా నోరెందుకు నొప్పి చేసుకోవాలి? ఒక్క సంగతి మాత్రం చెప్పి ఉంచాను. నేను పోయాక కాల్చవద్దు, మా చేను గట్టున మట్టిలో పెట్టండి అన్నాను. పురుగులు పడతాయమ్మా అని నా కొడుకు మొహం వికారంగా పెట్టాడు. పడనీరా అన్నాను. ఇన్నేళ్లూ అవి పెట్టిందే తిన్నాను. ఒక్కసారైనా నేను వాటికి పెట్టవద్దా?