నా పేరు మీద మలీద

పోయిన సద్దుల బతుకమ్మ నాడు మా తోడికోడలు మన్నెగూడ మిఠాయి దుకాణం నుంచి మలీద ప్యాకెట్టు కొనుక్కొచ్చింది. ఇబ్రహీంపట్నంలో మా ఇంటికి మలీద బజారు నుంచి రావడం అదే మొదలు. రొట్టెను బెల్లంతో నలిపితే అయ్యే దానికి ప్యాకెట్టు, ప్యాకెట్టు మీద 'ఇంట్లో చేసినట్టే' అని రాత, పక్కన చీర కట్టుకుని నవ్వుతున్న ఒకావిడ బొమ్మ. ఎవరింట్లో చేశారు? చేసింది ఈవిడేనా? నేను వేసిన కేకలకు వాకిట్లో పూలు పేరుస్తున్న పిల్లలు తలలెత్తి చూశారు. "గ్యాస్ అయిపోయిందని తెచ్చిన అక్కా. గింత మలీదకు గంత కోపమెందుకు?" అంది తోడికోడలు. పాపం, ఆమె తప్పేమీ లేదు. నా కోపం మస్కట్‌ది.

మా ఆయన ఉద్యోగం మీద మేము నాలుగేళ్లు మస్కట్‌లో ఉన్నాం. మా కింది ఫ్లాట్‌లో కందుకూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన ముస్లిం అమ్మాయి ఉండేది. భర్త సరుకుల వ్యాను నడిపేవాడు. ఊళ్లో తండ్రి దూది ఏకి పరుపులు కుట్టేవాడట. మెట్ల మీద మొదటిసారి ఎదురుపడినప్పుడు, "మీది ఇబ్రహీంపట్నం దిక్కే గద అక్కా?" అంది. ఎట్లా తెలిసిందని అడిగితే, "నిన్న కూర మాడిందని మీరు తిట్టుకుంటుంటే కిటికీల నుంచి ఇన్న. గట్ల మా దిక్కే తిడ్తరు" అంది. ఆ పూట నుంచి ఆమె నాకు చెల్లె. కరివేపాకు ఆమె ఇంట్లో ఉంటే నా ఇంట్లో ఉన్నట్టే.

అక్కడ మనవాళ్లది ఒక సంఘం ఉండేది. ఆ ఏడు శుక్ర, శనివారాలు సెలవులు కలిసి వచ్చాయని మొదటి రోజు ఊరు చూడటం, రెండో రోజు హాలులో బతుకమ్మ అని పెట్టారు. చెల్లె ఆ దేశం వచ్చి మూడేళ్లు, బతుకమ్మ చూసీ మూడేళ్లు. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో అందరితో కలిసి ఆడేదట. "నన్ను ఆడనిస్తరా అక్కా?" అని అడిగింది. "ఎవరు వద్దంటరో నేను చూస్త" అన్నాను. అనడానికేం, నోరు నాదే కదా.

శుక్రవారం బస్సులో తిప్పారు. సెక్రటరీగారి మెడలో ఒక విజిల్. ఆయన ఊదితే దిగాలి, ఊదితే ఎక్కాలి. మత్రా రేవు ఒడ్డున సముద్రం అంత నీలంగా ఉంటే అటు చూసినవాళ్లు లేరు. అందరూ సముద్రానికి వీపు పెట్టి ఫోటోలు. పాత బజారులో సాంబ్రాణి వాసన ముక్కుకు తగిలిందో లేదో, మళ్లీ విజిల్. అత్తరు బుడ్డి మూత తీసి వాసన చూస్తున్న చెల్లె చేయి పట్టుకుని పరుగెత్తాను. "ఇంతకన్న మా బడి పిక్నిక్కే నయ్యముండె" అని బస్సంతా వినబడేలా అంది. నాకు నవ్వాగలేదు.

సాయంత్రం మా వంటింట్లో చెల్లె మలీద మొదలుపెట్టింది. పీర్ల పండుగకు వాళ్లమ్మ చేసే మలీదే సద్దుల నాడు ఊళ్లో బతుకమ్మల వెంట కూడా పోయేదట. మలీద కావాలని ఊరి ఆడవాళ్లు ముందే వచ్చి చెప్పి పోయేవాళ్లట. గోధుమ రొట్టెలు మందంగా కాల్చి, పెనం మీది నుంచి తీసింది తీసినట్టే చేత్తో నలపడం. నేను ఆరనీయమంటే ఒప్పుకోలేదు. "సల్లారినంక నలిపితే బెల్లం పట్టదక్కా. చెయ్యి కాలాలె, గప్పుడే మలీద" అంది. వేళ్లు ఎర్రబడ్డాయి. నెయ్యి, నువ్వులు, ఇలాచీ పడేసరికి ఇల్లంతా మా ఊరి వాసన వేసింది.

శనివారం హాలుకు పోతే తంగేడు లేదు, గునుగు లేదు, బంతిపూల మధ్య ప్లాస్టిక్ పూలు. పాటలు ఆడవాళ్ల నోటి నుంచి కాక స్పీకర్లలోంచి వస్తున్నాయి. దానికీ ఊరుకున్నాను. గుమ్మం దగ్గర నైవేద్యాల బల్ల, బల్ల వెనక సెక్రటరీగారి భార్య. నా చేతిలో మలీద డబ్బా, నా వెనక నా పూల తాంబాళం పట్టుకుని చెల్లె. ఆవిడ చెల్లె తలమీది ముసుగు చూసింది, డబ్బా చూసింది. "నైవేద్యాలు మనోళ్ల ఇండ్లల్ల చేసినయే పెట్టాలని కమిటీల అనుకున్నం. ఇది ఎవరు చేసిన్రు?" అంది.

మనోళ్లట. అల్లా పేరు చెప్పుకునే దేశానికి పొట్ట చేతపట్టుకుని పోయి, వాళ్ల ఊళ్లో హాలు అద్దెకు తీసుకుని, కందుకూరు పిల్ల మనోళ్లు కాదట. ఈ మాటలన్నీ నాకు తర్వాత వచ్చాయి. అప్పుడు నా నోటి నుంచి వచ్చింది ఒకటే. "నేనే చేసిన."

డబ్బా లోపలికి పోవాలి, ఆ పిల్ల కష్టం వెనక్కి తిరిగి రావద్దు, అంతే అనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను. ఆవిడ డబ్బా మీద నా పేరు రాసి అంటించింది. "గెస్టులు అటు కూసుంటరు" అని చెల్లెకు గోడ పక్క కుర్చీలు చూపించింది. చెల్లె తాంబాళం నాకిచ్చి పోయి కూర్చుంది. నేను ఆడాను. చప్పట్లు కొడుతూ, గుండ్రంగా తిరుగుతూ, ఆ కుర్చీల వైపు వచ్చినప్పుడల్లా చూపు తిప్పుకుంటూ ఆడాను.

చివర్లో బహుమతులు. నైవేద్యాల్లో మొదటి బహుమతి నా మలీదకట. స్టీలు గిన్నెల సెట్టు చేతిలో పెట్టి, ఎట్లా చేశారో చెప్పమని మైకిచ్చారు. అప్పుడైనా చెప్పొచ్చు. అందరి ముందూ ఆమెను పిలిచి ఆ మైకు ఆమెకివ్వొచ్చు. సిగ్గులేని నోరు, "వేడి మీదనే నలపాలె, చెయ్యి కాలాలె" అని చెప్పుకొచ్చింది. కింద అందరూ చప్పట్లు కొట్టారు. చెల్లె కూడా కొట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో నేను సంఘాన్ని, సెక్రటరీని, అతని భార్యను, విజిల్‌ను వదలకుండా తిట్టాను. ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. వాళ్ల గుమ్మం దగ్గర గిన్నెల పెట్టె ఇవ్వబోతే తీసుకోలేదు.

"నేను చేసిన్నని మీరు చెప్తే ఏమయితుండె అక్కా? వద్దనేటోళ్లు. గంతే గద. డబ్బా ఇంటికి తెచ్చుకుని మనిద్దరం కూసోని తింటుంటిమి."

కోపంగా అనలేదు, మామూలుగానే అంది. ఆ తర్వాతా కరివేపాకుకు వచ్చింది, నాకు జ్వరమొస్తే గంజి కాచి పెట్టింది. మలీద మాత్రం మళ్లీ చేయలేదు. చేయమని అడిగే ముఖం నాకు లేకపోయింది.

చాలా ఏళ్లయింది. సెక్రటరీగారి భార్య ముఖం ఇప్పుడు సరిగా గుర్తు కూడా రాదు. మైకు పట్టుకున్న నా ముఖమే ఏటికేడు ఇంకాస్త తేటగా కనబడుతోంది.