టీచరమ్మకు వినిపించిన ‘శ’

కొత్త హెడ్‌ఫోన్ల పెట్టె మూత తీయగానే తోలూ జిగురూ కలిసిన ఒక వాసన ముక్కుకు తగులుతుంది. నిన్న మదనపల్లెలో మా ఇంటికి అలాంటి పెట్టె ఒకటి వచ్చింది. ఖరీదైన జత. వేరే జతతో పోల్చి నా అభిప్రాయం చెప్పమని అమ్మేవాళ్లు పంపారు. ఇప్పుడు నా బతుకుతెరువు అదే. చెవులకు తగిలించుకోగానే వీధిలోని హారన్లు, కుక్కర్ విజిల్ ఎక్కడికో వెళ్లిపోయాయి. పాట మొదలయ్యే ముందు వచ్చే ఆ కాస్త నిశ్శబ్దంలో నాకు ఎప్పుడూ రత్నమ్మ టీచర్ గుర్తొస్తారు. ఆమెకు సంగీతం తెలియదు. హెడ్‌ఫోన్లను చివరిదాకా ‘చెవిచిప్పలు’ అనే పిలిచారు. అయినా ఈ పని నేర్పింది ఆమే.

అప్పట్లో నేను పుంగనూరులో ఆమె ఇంటి మేడమీద గదిలో అద్దెకు ఉండేవాణ్ని. పగలు ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం, సాయంత్రం గదిలో హెడ్‌ఫోన్ల మీద వీడియోలు. టీచరమ్మ తెలుగు పంతులమ్మగా పనిచేసి రిటైరై, కింద ఒక్కరే ఉండేవారు. ఒకరోజు నేను కెమెరా ముందు చేతులు ఊపుతూ “హలో ఫ్రెండ్స్, బేస్ మాత్రం అరాచకం!” అని అరుస్తుంటే, బొరుగుల గిన్నె పట్టుకుని మెట్లెక్కి వచ్చారు.

“ఏమప్పా, ఎవురితో కొట్లాడతాండావు?” అన్నారు. సంగతి చెప్పాను. ఆమె మంచం మీద కూర్చుని, “అరాచకం అంటే రాజు లేకపోవడం. ఈ చిప్పల్లో రాజెవురు, పోయిందెవురు? నీకేం వినబడిందో అది సెప్పు” అన్నారు.

నాకు ఉక్రోషం వచ్చింది. “మీరు తెలుగు టీచరై ఉండి ‘సెప్పు’ అంటారే!”

“ఇంట్లో మన మాట మనది నాయనా. పదిమంది వినే సోట మాత్రం అక్షరం అక్షరంగా పలకల్ల.”

ఆ రోజు నుంచి ప్రతి వీడియోకు ముందు ఆమె ఎదుట కూర్చుని, విన్నది విన్నట్టు చెప్పడం నాకు అలవాటైంది. మొదట్లో మాటలు దొరికేవి కావు. “క్లారిటీ సూపర్” అంటే ఆమె తల అడ్డంగా ఊపేవారు. ఒకసారి విసిగిపోయి, “పాటలో తాళాల మోత కాగని నూనెలో వేసిన ఆవాల మాదిరి ఉండాదమ్మా. పడతాండాయి గానీ చిట్లడం లేదు” అన్నాను. టీచరమ్మ తొడ చరిచి నవ్వారు. “అదీ మాట! ఇప్పుడు నాగ్గూడా వినబడింది.” ఆ ముక్క వీడియోలో పెడితే, ఎవరెవరో ‘మా హెడ్‌ఫోన్లలో ఆవాలు చిట్లుతున్నాయి’ అని సరదాగా రాశారు. చూసేవాళ్లు మెల్లగా పెరిగారు.

ఒక్క చిక్కు మాత్రం తీరలేదు. “అంతా బాగుండాది గానీ, యాల నువ్వు శబ్దాన్ని ‘సబ్దం’ అంటావు?” అనేవారు ఆమె. మళ్లీ పలికేవాణ్ని. “ఊహూ, సబ్దమే.” నాలుక ఎలా మడవాలో, గాలి ఎలా వదలాలో చూపించేవారు. అద్దం ముందు సాధన చేశాను. నా చెవికి సరిగ్గానే ఉన్నట్టుండేది. కానీ జీవితమంతా పిల్లలకు ఉచ్చారణ దిద్దిన మనిషి ముందు నా చెవి లెక్కేమిటి? ఆ మాట తప్పించుకోవడానికి ధ్వని అన్నాను, మోత అన్నాను. హెడ్‌ఫోన్ల గురించి మాట్లాడేవాడు శబ్దం అనకుండా ఎంతకాలం నెట్టుకొస్తాడు? చివరికి వీడియోలు ఆపేశాను. “మానేస్తానమ్మా. నా నోటికి ఇది రాదు” అన్నప్పుడు ఆమె ముఖం చిన్నబోయింది.

తెచ్చిన సరుకు తిరిగి ఇచ్చేయాలి. మదనపల్లె దుకాణంవాళ్లు పోల్చి చూడమని ఇచ్చిన రెండు పెద్ద జతలు గదిలోనే ఉన్నాయి. ఒకటి చుట్టూ మూసి ఉన్నది, బేస్ బరువుగా ఉంటుంది. రెండోదానికి వెనక జాలీ ఉంది, సన్నని శబ్దాలను విడదీసి చూపిస్తుంది. ఇచ్చేసే ముందు ఆమెకు ఒకసారి వినిపిద్దామనిపించింది. నేను చదివి రికార్డు చేసుకున్న మాటలే పెట్టాను. మూసి ఉన్న జతలో విని, “సబ్దం” అని పెదవి విరిచారు. జాలీ ఉన్నది పెట్టి, శబ్దం కొంచెం పెంచాను. టీచరమ్మ రెండు చేతులతో చిప్పలను చెవులకు అదిమి పట్టుకున్నారు.

“ఇంగోసారి పెట్టు.”

మళ్లీ పెట్టాను. ఆమె జత తీసేసి, “ఇప్పుడు నువ్వు నోటితో సెప్పు” అన్నారు. “శబ్దం” అన్నాను. మళ్లీ తగిలించుకుని విన్నారు. అలా తీస్తూ పెడుతూ కాసేపు గడిచాక, జతను ఒళ్లో పెట్టుకుని నా వైపు చూశారు.

“దీంట్లో శ వేరే, స వేరే వినబడతాండాయి. బయట రెండూ ఒకటే.” పకపకా నవ్వారు. “అయితే పోయింది నీ నాలుక కాదప్పా, నా సెవి!”

అన్ని జతలకూ తీర్పులు చెప్పేవాణ్ని, నా సొంత చెవి చెప్పింది మాత్రం నమ్మలేకపోయాను.

మదనపల్లెలో చెవి డాక్టరుకు చూపించాం. సన్నని శబ్దాలు వినడం తగ్గిందని చెప్పి వినికిడి యంత్రం పెట్టారు. తిరుగు బస్సులో టీచరమ్మ సంబరం చూడాలి. కండక్టర్ టికెట్ చించినా, పక్కావిడ పట్టుచీర గరగరలాడినా మోచేత్తో నన్ను పొడిచి “వినబడింది!” అనేవారు. పుంగనూరు దగ్గర పడుతుండగా మాత్రం చెవి యంత్రాన్ని వేలితో తడుముకున్నారు.

“ఎప్పట్నుంచి పోయిందో ఈ సెవి. ఎంతమంది పిల్లోళ్లను తిట్టినానో. శేషప్పకు పద్యాల పోటీలో బహుమతి రానియ్యలేదు. తన పేరే తాను ‘సేసప్ప’ అంటాడని.”

శేషప్ప కుప్పంలో బేకరీ నడుపుతున్నాడని తెలిసింది. ఆ ఆదివారమే టీచరమ్మ నన్ను బయలుదేరదీశారు. గల్లా దగ్గర కూర్చున్న బొద్దు మనిషి ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. టీచరమ్మ కుశలం కూడా అడగకుండా, “నీ పేరు సెప్పురా” అన్నారు.

“శేషప్ప, టీచర్.”

ఆమె కళ్లు నిండాయి. “సక్కగానే పలుకుతాండావు. తప్పు నా సెవిది. నీకు అన్యాయం చేసినా నాయనా, ఏమనుకోవద్దు.”

అతను కంగారుపడిపోయాడు. “అయ్యో, అట్లనొద్దమ్మా! అప్పుడు నేను సేసప్పనే! మీరు తిట్టినాక రోషమొచ్చి, రోజూ మా మేకల ముందర నిలబడి ‘శేషప్ప, శేషప్ప’ అని అరిసినా. మేకలు బెదిరి పోయేటివి గానీ, నా నాలుక తిరిగింది.”

దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. టీచరమ్మ కళ్లు తుడుచుకుంటూ అందరికంటే గట్టిగా నవ్వారు. వచ్చేటప్పుడు ఒళ్లో కొబ్బరి బన్నుల పొట్లం పెట్టుకుని, “అంటే అప్పటికి నా సెవి బాగనే ఉండిందన్నమాట!” అని దారంతా మురిసిపోయారు.

ఆ వారమే నేను మళ్లీ వీడియోలు మొదలుపెట్టాను. టీచరమ్మ ఇప్పుడు లేరు. నచ్చని జత చేతికొస్తే నేను వెంటనే నోరు పారేసుకోను. ఒక పూట ఆగి, లోపం దానిదో నా చెవిదో తేల్చుకుంటాను. తేలిన తర్వాత మాత్రం, ఎంత పెద్దవాళ్లు కాదన్నా, విన్నది విన్నట్టే చెప్తాను.