ఏటి మొగలో అడవి ఆపిల్

లావెర్న్ చేతిలో పడితే ఎంత మొండి పడవ మోటారైనా లొంగేది. ఎవరి దగ్గరా నేర్చిన విద్య కాదది. విప్పి, చూసి, మళ్ళీ బిగించి పట్టుకున్న పని. ఆ ధైర్యంతోనే, చనిపోయిన మేనమామ అడవి ఆపిల్ చెట్టును బాగుచేస్తానని ఊరందరి ముందూ ఒప్పుకుంది.

ఉత్తర అమెరికా పడమటి తీరంలోని వాళ్ళ సిమ్షియన్ తెగలో మామ పేరు మేనల్లుడికి వస్తుంది. ఆమె తమ్ముడు మెల్విన్ ఆ పేరు అందుకునే విందుకు నాలుగేళ్ళ గడువు పెట్టారు. ఆ రోజు అతిథులకు సొంత చెట్టు కాయలనే చేప నెయ్యి కలిపి వడ్డించాలి. పరాయి ఇంటి కాయలు పెడితే పేరు కూడా ఎరువు తెచ్చుకున్నాడంటారు. ఏరు సముద్రంలో కలిసే మొగలో ఉన్న ఆ ఒక్క చెట్టేమో ఆల్డర్ చెట్ల నీడన పడి పదేళ్ళుగా కాయ ఎరగదు.

మొదటి ఏడు ఆమె ఆల్డర్లు నరికి చెట్టుకు వెలుతురు తెచ్చింది. అక్కడితో ఆగితే బాగుండేది. కొమ్మల పొడుగునా ముళ్ళలాంటి పొట్టి మొటికలు కనిపిస్తే, మోటారుకు పట్టిన మసి గీకినట్టు, చెయ్యి అందినంత మేర గీకి పారేసింది. నున్నగా తయారైన చెట్టును చూపిద్దామని మినా పెద్దమ్మను పడవలో తీసుకెళ్ళింది. ఎనభై దాటిన ఆ ముసలమ్మ చెట్టు చుట్టూ ఓసారి తిరిగింది.

"కాయలు కాసేది వాటిమీదేనే పిల్లా. చెట్టుని చేపలెండేసే దండెం చేసి పెట్టావు."

లావెర్న్ పెద్దమ్మ చెప్పినట్టు, నిలువునా లేచిన రెమ్మలకు రాళ్ళు కట్టి వంచింది. ఆల్చిప్పలు దంచి మొదట్లో చల్లింది. రెండో ఏడు ఆకులే. మూడో ఏడు నాలుగు పూలు. నాలుగో వసంతానికి చెట్టంతా తెల్లబడింది. ఇంక ఊళ్ళో మోటార్లు వరసకట్టి పడి ఉన్నా, సముద్రం పోటెత్తితే చాలు, ఆమె పడవ అటే పరుగు.

విందు ఆరు వారాలుందనగా గుత్తులు ఇంకా పచ్చిగా, రాళ్ళలా ఉన్నాయి. కాస్త ఎర్రబడనిద్దామనుకుంది. అంతలో ఒక ఉదయం చెట్టు కింద బురదలో ఎలుగుబంటి అడుగులు కనిపించాయి. ఓ కొమ్మ విరిగి వేలాడుతోంది. ఆమె వెంటనే పడవ తిప్పి, బురద బూట్లతోనే పెద్దమ్మ వంటింట్లోకి వెళ్ళిపడింది.

"ఎరుపు కావాల్సింది ఎలుగుకి, మనకెందుకే? గట్టివైతేనే చెక్కపెట్టెలో నీళ్ళు పోసి దాస్తే నిలుస్తాయి, విందుకల్లా అవే మెత్తబడతాయి. పోటు ఇంకెంతసేపుందో అది చెప్పు," అంది పెద్దమ్మ.

రెండు గంటలుంది. నీళ్ళు తీస్తే ఏటి మొగలో పడవ కదలదు. వల బాగుచేసుకుంటున్న మెల్విన్‌ను లావెర్న్ చొక్కా పట్టి లాక్కొచ్చింది. చూస్తే పెద్దమ్మ అప్పటికే పడవెక్కి కూర్చుంది.

ముగ్గురూ రెండు చేతులా కోశారు. వంచిన కొమ్మలు ముసలమ్మకు కూడా అందుతున్నాయి. బకెట్టు నిండిన కొద్దీ లావెర్న్‌కు నవ్వు ఆగడంలేదు. అంతలో నల్లటి ఎలుగుబంటి అవతలి గట్టుకొచ్చి కూర్చుంది. మెల్విన్ చేతిలో గుత్తి జారిపోయింది.

"పేరు మోస్తానంటావు, గుత్తి మొయ్యలేవేంట్రా?" అని పెద్దమ్మ ఎలుగు వైపు తిరిగింది. "పై కొమ్మలు నీకే వదిలేశాం. కాసేపు ఆగు నాయనా."

అది ఆగింది. నీళ్ళు మాత్రం ఆగలేదు. పడవ అడుగు బురదకు తగిలింది. లావెర్న్ నడుం లోతు బురదలో దిగి, నవ్వుతూనే నెట్టింది.

కాయలు ఒక్క పొంగు రానిచ్చి, పెట్టెల్లో నీళ్ళు పోసి మూతవేశారు. విందు రోజు అతిథిగా వచ్చిన అవతలి వంశం పెద్దాయన గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, ఏ చెట్టువని అందరూ వినేలా అడిగాడు.

"మా ఇంటివే. ఏటి మొగవి," అన్నాడు మెల్విన్.

పెద్దాయన అతన్ని మామ పేరుతో పిలిచి, ఇంకో గిన్నె అడిగాడు. వంటింటి గుమ్మంలో నిలబడి విన్న లావెర్న్ రెండో పెట్టె మూత తీయడానికి పరుగెత్తింది.