మామ కత్తెర

పోయిన నెల మా మేనమామ చనిపోయారు. తిన్న మెతుకు ఊపిరి దారిలోకి పోయి, నిమ్ము చేసి, వారం తిరగకుండానే పోయారు. ఇస్నాపూర్‌లో ఫ్యాక్టరీ యూనిఫారాలు కుట్టించుకున్న చాలామందికి ఆయన తెలుసు. మా నాయన పోయాక నన్ను కుట్టు మిషన్ ముందు కూర్చోబెట్టింది ఆయనే. నేను తింటున్న అన్నం ఆయన నేర్పిన పనిదే.

దుకాణంలో కోత ఆయనది, కుట్టు నాది. ఆ కత్తెర ఇంకెవరూ ముట్టకూడదు. "కుట్టు తప్పితె ఇప్పుకోవచ్చు బిడ్డా. కత్తెర పడ్డంక ఇగ ఏం జేస్తవ్?" అనేవారు, చెవి మీది సుద్దముక్క తీస్తూ.

ఎడమ చేయి వణకడం మొదలైతే పార్కిన్సన్స్ అన్నారు. మేమంత బెంగపడలేదు. కత్తెర పట్టేది కుడి చేయి, అది నిలకడగానే ఉంది. వణికే చేతిని తొడ కింద పెట్టుకుని ముచ్చట్లు చెప్పేవారు.

తర్వాత కోత తప్పసాగింది. యూనిఫారం బట్టకు లోపలి పక్క, బయటి పక్క వేరు; అందుకే కుడి చేతికి ఒకలా, ఎడమ చేతికి తిప్పి కోయాలి. ఒక చొక్కాకు చేతులు రెండూ ఒకే చేతివి కోశారు. బట్ట తెచ్చిన సూపర్‌వైజర్ అందరి ముందూ "తాగి కోస్తున్నవా?" అన్నాడు. కల్లు వాసన కూడా పడని మనిషిని! ఆ మాటకు నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. వాడు పోయాక మామ మెల్లగా అన్నారు: "చెయ్యి మంచిగనే ఉంది బిడ్డా. ఏడ కొయ్యాల్నో తెలుస్తలేదు."

సంగారెడ్డి డాక్టర్ దగ్గర అత్త వాదించింది. "వణికేది ఎడమ చెయ్యి గద సారూ, కత్తెర పట్టేది కుడిదాయె!"

"జబ్బు చేతిలో లేదమ్మా, మెదడులో ఉంది. ఎడమ చెయ్యిని నడిపేది మెదడు కుడి సగం; ఆకారాలు, దూరాలు చూసుకునేదీ ఎక్కువగా అదే. ఎడమ పక్క మొదలైనవాళ్లలో కొందరికి ఆకారాలు, దూరాలు, దారులు అంచనా కట్టడం కష్టమైతది. అందరికీ కాదు. మాట మంచిగుంది గదా అని ధీమాగా ఉండొద్దు," అన్నారాయన.

ఇంటికొచ్చాక మామ కత్తెరను నా మిషన్ మీద పెట్టి, "ఇగ నువ్వే కొయ్యి" అన్నారు. ఆరోజు అన్నం ముట్టలేదు. కొన్నాళ్లకు, రెండు గల్లీల అవతలున్న ఇంటి దారి కూడా తప్పారు. హైవే మీద లారీల మధ్య నిలబడ్డ మనిషిని ఆటోవాళ్లు పట్టుకొచ్చారు.

పాడైన ఆ చొక్కా చేతులను అప్పట్లోనే నేను పారేయబోతే మామ ఆపి, దుకాణంలో మేకుకు తగిలించారు. "ఉండనీ. నేను తాగి కొయ్యలేదని నువ్వన్నా యాదికుంచుకో."

దినాలయ్యాక నిన్న దుకాణం తెరిచాను. సుద్దముక్క బల్ల మీదే ఉంది. లారీ పోయినప్పుడల్లా మేకుకున్న ఆ చొక్కా చేతులు కదులుతున్నాయి. రెండూ కుడి చేతివే.