పాలు దించే నామం

మా వంటింట్లో గడియారం లేదు. ఎమ్మిగనూరులో ఇల్లు కట్టుకున్న కొత్తలో ఒకటి తగిలించాము గానీ, అది ఆగిపోయిన సంగతి మూడు నెలల దాకా ఎవరూ గమనించలేదు. అవసరం పడలేదు. ఏడున్నరకు నేను పూజగదిలో విష్ణు సహస్రనామం మొదలుపెడతాను, ఇరవై నిమిషాల్లో ముగిస్తాను. ముప్పై ఏళ్లుగా అదే గొంతు, అదే వేగం. తెలుగు పంతులుగా పదవీ విరమణ చేశాక కూడా వేగం తగ్గలేదు.

నా భార్య గోనెగండ్ల దగ్గర ఒక పల్లెబడిలో టీచరు. ఆమె పొద్దుటిపూట అంతా నా నోటి మీద నడిచేది. ‘విశ్వం’ అనగానే పాలు పొయ్యి మీద పెట్టి పెరట్లో బట్టలు ఆరేయడానికి పోయేది. ‘నారాయణః’ వినపడగానే వచ్చి దించేది. సగం దాటాక ‘భేషజం’ అనే నామం వస్తుంది, మందు అని అర్థం. అప్పుడు మా అమ్మకు బీపీ మాత్ర. చివర్లో ‘అన్నం’ అనే నామానికి టిఫిన్ డబ్బా మూత పడేది. ‘వనమాలీ’ శ్లోకం మూడుసార్లు చదువుతాం గదా, మొదటిసారికి చీర కుచ్చిళ్లు సర్దుకోవడం, రెండోసారికి చేతిసంచి, మూడోసారికి చెప్పులు. నేను ఫలశ్రుతి చదివేటప్పటికి ఆమె సందు మొదట్లో షేర్ ఆటోలో కూర్చుని ఉండేది. పారాయణ ఫలం నాకంటే ముందు ఆమెకే అందేది.

ఇలా ఉండగా ఆదోనిలో వారం రోజులు ప్రవచనాలు జరిగాయి. రోజూ బస్సెక్కి పోయాను. చెప్పేవారు గొప్ప పండితులు. వేదానికి మూడేసి అర్థాలు, భారతానికి పదేసి, ఈ వేయి నామాల్లో ఒక్కొక్కదానికి నూరేసి అర్థాలు ఉన్నాయని మన పెద్దలు చెప్పిన మాటను వివరించారు. చివరి రోజు ముందు వరుసలో ఉన్న నన్ను అడిగారు.

“తమరు నిత్యం పారాయణ చేస్తారా?”

“చేస్తానండీ. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది,” అన్నాను, కొంచెం గర్వంగానే.

“స్వామిని పిలుస్తున్నారా, హాజరు పిలుస్తున్నారా?”

సభంతా నవ్వింది. తలెత్తకుండా పేర్లు గబగబా పిలవడం, పలికినవాడి ముఖం చూడకపోవడం, ఇవి నేను ఉద్యోగమంతా చేసిన పనులే. తిరుగు బస్సులో నిశ్చయించుకున్నాను. ఇకమీదట ఒక్క అర్థమైనా తలచుకోనిదే తర్వాతి నామానికి పోను.

మరునాడు ‘విశ్వం’ అన్నాను. కనిపించేదంతా ఆయనే. కళ్లు మూసుకుంటే మా ఊరి సంత, మగ్గాలు, బస్టాండు అన్నీ ఆయనలోనే కనిపించాయి. ఒళ్లు పులకరించింది. అరవయ్యో నామం దగ్గర ఉండగా మాడు వాసన వచ్చింది. అదీ ఆయనే అనుకుని ముందుకు పోయాను.

“పాలు పొంగి పొయ్యంతా పారినాయి. నారాయణుడు యాడికి పోయినాడు ఈ పొద్దు?” అని వంటింట్లోంచి ఆమె గొంతు.

పారాయణ మధ్యలో మాట్లాడను గనుక, ఆగమన్నట్టు చెయ్యి ఎత్తి చూపించాను. ఆశీర్వదించినట్టు ఉందని తర్వాత చెప్పింది.

ఆటో వెళ్లిపోయింది. బస్సు పట్టుకుని బడికి చేరేసరికి తొమ్మిది దాటింది. ఇప్పుడు బడిలో హాజరు ఫోనుకు ముఖం చూపించి వేయాలి. ఆ ఫోనుకు జాలి లేదు. మూడు ఆలస్యాలైతే ఒక సెలవు కోస్తారు. ఆమెకు మిగిలినవి సరిగ్గా మూడు సెలవులు. కార్తీకంలో ఉడుపి పోవడానికి దాచుకుంది. ఎన్నేళ్లుగానో అనుకుంటున్న యాత్ర, టికెట్లు కూడా తీశాము.

సాయంత్రం నూరు అర్థాల సంగతి ఆమెకు వివరించాను.

“వెయ్యి నామాలకు నూరేసి అంటే ఎంత?”

“లక్ష.”

“నాకు రిటైర్మెంటు ఇంకా నాలుగేండ్లు ఉండాది. అంతలోపల అయిపోతాదా?”

“ఫోన్లో అలారం పెట్టుకోరాదూ.”

“అది మోగితే ఆపేదానికి ఎవరు రావల్ల? నా చేతులు పిండిలో ఉంటాయి. మీరైతే మీరే మోగుతారు, మీరే ఆగుతారు.”

రెండో రోజు కూడా నేను పట్టు వదల్లేదు. అమ్మ మంచం మీదనుంచి కేకేసింది. “ఒరే నాయనా, నా మాత్ర ఏదిరా? ఆ నామం తీసేసినారా ఏమి?” గోడ అవతల ఉండే నేతపని ఆయన తల పైకి పెట్టాడు. “ఏమి సామీ, చార్జింగు తక్కువుండాదా? మీది అయిపోతే మా పిలగాళ్లను లేపుదామని కాసుకోనుండా. ఎనిమిదిన్నర అయ్యిండాది.”

రెండో ఆలస్యం పడింది. ఆ పూట అన్నం వడ్డిస్తూ ఆమె గొంతు పెంచకుండా అడిగింది. “రేపు కూడా లేటయితే సెలవు పోతాది. రెండు దినాల్లో ఉడుపి పోయి రాలేము. నేను కృష్ణుణ్ణి చూడకుండా చేసేది కూడా ఆ నూరర్థాల్లో ఒకటేనా?”

మూడో రోజు పాత వేగానికే పోదామని కూర్చున్నాను. కానీ రెండు రోజుల అలవాటు నాలుకను పట్టేసింది. ఎట్లాగో ‘భోజనం’ దాకా లాక్కొచ్చాను. తినే పదార్థం ఆయనే. తర్వాత ‘భోక్తా’, తినేవాడూ ఆయనే. తర్వాత ‘సహిష్ణుః’, ఓర్చుకునేవాడు. అక్కడ ఆగిపోయాను. వండినది వంటింట్లో ఉంది. తినేవాడు పీట మీద కూర్చున్నాడు. ఓర్చుకునే మనిషి పెరట్లో తడిబట్టలు పిండుతోంది. తర్వాతి నామం నోటికి రాలేదు.

పెరట్లోంచి వచ్చింది. ‘జగదాదిజః’ అని ఆమె అందుకుంది. ఎక్కడా తడబడకుండా, నా పాత వేగం కంటే ఒక పిసరు ఎక్కువ వేగంతో చదువుకుంటూ పోయింది. ముప్పై ఏళ్లు విన్నది మరి. మంచం మీదనుంచి అమ్మ గొంతు కలిపింది. గోడ అవతలినుంచి, “అక్కా, ఈ స్పీడు బాగుండాది,” అని కూడా వినపడింది.

‘నారాయణః’ వచ్చింది. ఆమె దండెం దగ్గరే ఉంది, చేతుల్లో తడి దుప్పటి. పారాయణ మధ్యలో పీట మీదనుంచి లేవడం నాకు అదే మొదలు. ఉత్తరీయం కొనతో గిన్నె పట్టుకుని పాలు దించాను. రెండు వేళ్లు చురుక్కుమన్నాయి. ‘భేషజం’ దగ్గర అమ్మకు మాత్ర ఇచ్చాను. “నీళ్లెవరిస్తార్రా?” అంది. ‘అన్నం’ దగ్గర డబ్బాకు వేరే డబ్బా మూత పెట్టి గట్టిగా నొక్కాను. ‘వనమాలీ’ రెండోసారికి చేతిసంచి అందించాను. మూడోసారి చదువుకుంటూ ఆమె గడప దాటింది. ఫలశ్రుతి ఒక్కటీ నాకు మిగిలింది.

ఆటో అందింది. మూత మాత్రం బడిలో ముగ్గురు కలిసి తీశారట.

అప్పటినుంచి పొద్దుటి పారాయణ ఆమెది, వంటిల్లు నాది. ఆమె వెళ్లాక పీట వేసుకుని నేను నిదానంగా, అర్థంతో, నా పారాయణ చేసుకుంటాను. ‘సహిష్ణుః’ దగ్గర ఇప్పటికీ కొంచెం ఎక్కువసేపే పడుతుంది.

కార్తీకంలో మూడు సెలవులూ పెట్టుకుని ఉడుపి పోయాము. అక్కడ స్వామిని చిన్న కిటికీ కన్నాల్లోంచి చూడాలి, ఒకరి తర్వాత ఒకరు. నా వంతు వచ్చింది. దీపాల వెలుగులో ఆ ముఖం కనపడగానే ‘విశ్వం’ అనుకుని, అట్లాగే నిలబడిపోయాను. భుజం మీద చెయ్యి పడింది.

“జరగండి. అర్థం బయట కూర్చొని ఆలోచిద్దురు గానీ. నేను ఇంకా చూడలేదు.”